కారు యాంప్‌లో ఎన్ని ఛానెళ్లు కావాలి? లెక్క స్పీకర్ వైపు నుంచి మొదలుపెట్టండి

తెనాలిలో ఉండే మా బావ సంక్రాంతికి ముందు తన స్విఫ్ట్ డిక్కీలో రెండు 10 అంగుళాల సబ్‌వూఫర్లు (బాస్ పలికే పెద్ద స్పీకర్లు, పొట్టిగా సబ్‌లు), ఒక నాలుగు ఛానెళ్ల యాంప్లిఫయర్ (పాట సంకేతాన్ని పెంచే పెట్టె, పొట్టిగా యాంప్) పెట్టించుకున్నాడు. వారం తిరక్కుండా ఫోన్ చేశాడు. “డప్పు మొదలవగానే పాట ఆగిపోతోందిరా. కాసేపు ఊరుకుంటే మళ్లీ వస్తోంది. యాంప్ పోయినట్టేనా?” అన్నాడు. “లైటు ఏ రంగులో వెలుగుతోంది బావా?” అంటే “ఎర్రగా” అన్నాడు. యాంప్ పోలేదు, పోకుండా తనను తాను కాపాడుకుంటోందని చెప్పి, ఆ ఆదివారం మల్టీమీటర్ జేబులో వేసుకుని వెళ్లాను.

డిక్కీ తెరిచి, యాంప్ నుంచి సబ్‌లకు వెళ్లే రెండు వైర్లు ఊడదీసి, వాటి కొసలకు మీటర్ ముల్లులు ఆనించాను. 1.8 ఓమ్స్ చూపించింది. ఓమ్స్ అంటే కరెంటుకు స్పీకర్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత. 4 ఓమ్స్ స్పీకర్ కాయిల్‌కి మీటర్ పెడితే మామూలుగా మూడున్నర దగ్గర చూపిస్తుంది. అందులో సగం అంటే, రెండు సబ్‌లనూ ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి 2 ఓమ్స్ చేశారన్నమాట. ఆ జంటను తీసుకెళ్లి బ్రిడ్జ్ చేసిన, అంటే ఒకే భారాన్ని నడిపేలా జత కలిపిన, రెండు ఛానెళ్లకు తగిలించారు. బ్రిడ్జ్ చేస్తే కనీసం 4 ఓమ్స్ ఉండాలని యాంప్ మీదే, టెర్మినళ్ల పక్కనే, చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంది.

సరుకులో ఏ లోపమూ లేదు. యాంప్ మంచిదే, సబ్‌లూ మంచివే. ఒకదానికొకటి కుదరలేదంతే. కారు ఆడియోలో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ ఇలాంటివే. యాంప్‌ని వాట్స్ చూసి కొంటారు, సబ్‌ని అంగుళాలు చూసి కొంటారు, రెండింటినీ కలిపే ఓమ్స్ సంగతి మాత్రం షాపులో ఎవరూ అడగరు. అందుకే ఛానెళ్ల ఎంపికను యాంప్ పెట్టె మీది అంకెల నుంచి కాకుండా, కారులో ఏ స్పీకర్లు ఉంటాయి, వాటి ఓమ్స్ ఎంత అన్న దగ్గర నుంచి మొదలుపెడదాం.

ఛానెల్ అంటే నిజంగానే కాలువ

పొలంలో మోటారు నుంచి ఒక్కో మడికి ఒక్కో బోదె తీస్తాం కదా, యాంప్‌లో ఛానెల్ కూడా అలాంటిదే. స్టీరియో నుంచి వచ్చిన చిన్న సంకేతాన్ని తీసుకుని, పెంచి, ఒక దారిలో బయటికి పంపే విడి భాగం అది. ఎడమ ముందు డోర్‌కి ఒకటి, కుడి ముందు డోర్‌కి ఒకటి, వెనక రెండింటికి రెండు, సబ్‌కి ఒకటి. ఎన్ని రకాల సంకేతాలు విడివిడిగా పోవాలో అన్ని ఛానెళ్లు కావాలి.

ఓమ్స్‌ని తూముతో పోల్చుకోండి. తూము ఎక్కువ తెరిస్తే నీళ్లు ఎక్కువ పోతాయి, మోటారు మీద భారమూ పెరుగుతుంది. అలాగే స్పీకర్ ఓమ్స్ తగ్గేకొద్దీ యాంప్ నుంచి కరెంటు ఎక్కువ పోతుంది, వాట్స్ పెరుగుతాయి, వేడీ పెరుగుతుంది. ఒక హద్దు దాటితే ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ రక్షణ ఏర్పాటు సరిగా లేని చవక యాంప్ అయితే లైటు కూడా వెలగదు, వాసన వస్తుంది.

అసలు యాంప్ అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. స్టీరియో పెట్టె మీద 50 వాట్స్ × 4 అని ఉంటుంది. దాని వెనక చూస్తే చాలావాటికి 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటుంది. 10 ఆంపియర్లను 14.4 వోల్ట్‌తో గుణిస్తే 144 వాట్స్. లోపలికి వచ్చేదే 144 అయితే బయటికి 200 ఎలా పోతుంది? ఈ రకం స్టీరియోలు ఒక్కో స్పీకర్‌కు నిలకడగా ఇచ్చేది సుమారు 18 నుంచి 22 వాట్స్. ఊళ్లో తిరుగుతూ, మాట్లాడుకుంటూ పాటలు వినేవాళ్లకు ఇది చాలు. ముందు డోర్లకు మంచి స్పీకర్లు వేయించి, డోర్ రేకుకు అదురు తగ్గించే డ్యాంపింగ్ షీట్ అతికిస్తే తేడా తెలుస్తుంది. హైవే మీద 100 వేగంలో, అద్దాలు దించినా పాట పాటలా వినిపించాలన్నా, సబ్ పెట్టాలన్నా మాత్రం యాంప్ తప్పదు.

మోనో: ఒక్కటే పని, బాగా చేస్తుంది

మోనో యాంప్‌కు ఉండేది ఒకే ఛానెల్. సబ్ కోసమే చేస్తారు. దాదాపు అన్నీ క్లాస్ డి రకమే కాబట్టి కరెంటు పెద్దగా వృథా కాదు. 2 ఓమ్స్‌ని, కొన్ని 1 ఓమ్‌ని కూడా తట్టుకుంటాయి. డోర్ స్పీకర్లను దీనికి తగిలించకూడదు. చాలా మోనోల్లో లో పాస్ ఫిల్టర్ (కింది స్వరాలను మాత్రమే పోనిచ్చేది) ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, గొంతు, వయొలిన్ బయటికి రానే రావు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మోనో యాంప్‌కి తరచుగా రెండు ప్లస్‌లు, రెండు మైనస్‌లు ఉంటాయి. అది చూసి రెండు ఛానెళ్లనుకుంటారు. కాదు. ఆ రెండు జతలూ లోపల కలిసే ఉంటాయి, వైరు బిగించడానికి వీలుగా ఇచ్చినవి మాత్రమే. ఒక 4 ఓమ్స్ సబ్ ఒక జతకు, ఇంకోటి రెండో జతకు తగిలిస్తే యాంప్‌కు కనిపించేది 2 ఓమ్స్. ఒక్కోటి 2 ఓమ్స్ సబ్ అయితే 1 ఓమ్. ఆ యాంప్ కనీస ఓమ్స్ 2 అయితే మా బావకొచ్చిన కష్టమే మీకూ వస్తుంది.

రెండు ఛానెళ్లు

ఒక జత స్పీకర్లకు, లేదంటే బ్రిడ్జ్ చేసి ఒక సబ్‌కు. సబ్ వద్దు, ముందు డోర్లు మాత్రం గట్టిగా, స్పష్టంగా పలకాలి అనేవాళ్లకు ఇది సరిపోతుంది. అయితే రెండుకీ నాలుగుకీ ధరలో తేడా పెద్దగా లేనప్పుడు నేను నాలుగు ఛానెళ్లదే తీసుకోమంటాను. ఇవాళ వద్దనుకున్న సబ్‌ని ఆర్నెల్ల తర్వాత కావాలనుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

నాలుగు ఛానెళ్లు: చాలా ఇళ్లకు ఇదే

నాలుగు ఛానెళ్ల యాంప్ గొప్పతనం నాలుగు స్పీకర్లు నడపడంలో లేదు. దాన్ని మూడు రకాలుగా వాడుకోవచ్చు, మనసు మారితే యాంప్ మార్చకుండా వాడకం మార్చుకోవచ్చు.

మొదటి రకం, ముందు రెండు, వెనక రెండు స్పీకర్లకు ఒక్కో ఛానెల్. సబ్ ఉండదు. రెండో రకం, ముందు డోర్లకు 1, 2 ఛానెళ్లు, 3, 4 కలిపి బ్రిడ్జ్ చేసి ఒక సబ్‌కు. వెనక స్పీకర్లు స్టీరియో మీదే మెల్లగా మోగుతుంటాయి. మూడోది కాస్త లోతుకు వెళ్లినవాళ్లది. ముందు డోర్లలో ట్వీటర్లకు (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్లకు) రెండు, పెద్ద స్పీకర్లకు రెండు ఛానెళ్లు విడిగా ఇచ్చి, ఏ స్వరాలు ఎవరికి పోవాలో యాంప్‌లోనో డీఎస్పీలోనో (సంకేతాన్ని డిజిటల్‌గా సరిదిద్దే పెట్టెలోనో) విడగొట్టుకోవడం.

హ్యాచ్‌బ్యాక్ వాడే మామూలు కుటుంబానికి నా ఓటు రెండో రకానికి. కారణం కూర్చునే తీరులోనే ఉంది. పాటలు శ్రద్ధగా వినేది ముందు సీట్లలోని ఇద్దరు. కచేరీలో గాయకుడు మన ముందుంటాడు, వీపు వెనక ఉండడు. వెనక ట్రేలో ఓవల్ స్పీకర్లను గట్టిగా మోగిస్తే గొంతు వెనక సీటు నుంచి వస్తున్నట్టుంటుంది. పిల్లలు వెనక కూర్చున్నప్పుడు స్టీరియో ఇచ్చే 20 వాట్స్ వాళ్లకు చాలు. మిగిలిన రెండు ఛానెళ్ల సత్తా సబ్‌కి పెడితే కారు మొత్తం పాట నిండుగా వినిపిస్తుంది.

ఇప్పుడు బ్రిడ్జ్ సంగతి. ఒక మామూలు నాలుగు ఛానెళ్ల యాంప్ వివరాలు ఇలా ఉంటాయి: 4 ఓమ్స్‌లో 75 × 4, 2 ఓమ్స్‌లో 100 × 4, బ్రిడ్జ్ చేస్తే 4 ఓమ్స్‌లో 200 × 2. ఈ చివరి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. బ్రిడ్జ్ చేసినప్పుడు రెండు ఛానెళ్లు ఒకే స్పీకర్‌ని చెరో వైపు నుంచి, ఒకటి నెడుతుంటే ఇంకోటి లాగుతూ నడిపిస్తాయి. అందుకని స్పీకర్ 4 ఓమ్స్ అయినా ఒక్కో ఛానెల్‌కు దాని భారం 2 ఓమ్స్‌లా తగులుతుంది. 2 ఓమ్స్‌లో ఒక్కో ఛానెల్ 100 ఇస్తుంది, రెండూ కలిసి 200. లెక్క సరిపోయింది కదా. మరి అదే బ్రిడ్జ్‌కి 2 ఓమ్స్ తగిలిస్తే ఒక్కో ఛానెల్‌కు 1 ఓమ్‌లా తగులుతుంది. యాంప్‌ని దానికి తయారు చేయలేదు. మా బావ కారులో జరిగింది అదే.

బ్రిడ్జ్ వైర్లు ఏ టెర్మినళ్లకు పెట్టాలో యాంప్ మీద గీత గీసి చూపిస్తారు. చాలావాటిలో ఒక ఛానెల్ ప్లస్, రెండో ఛానెల్ మైనస్. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి గీత చూసే బిగించండి, అలవాటు మీద కాదు.

ఐదు ఛానెళ్లా, లేక నాలుగు, మోనో విడివిడిగానా?

సొంత కారులో తరచుగా అందరూ కలిసి దూరప్రయాణాలు చేసేవాళ్లు, ఎర్టిగా, ఇన్నోవా లాంటి మూడు వరసల బండ్లవాళ్లు వెనక స్పీకర్లను తక్కువ చేయలేరు. అప్పుడు నాలుగు డోర్లూ యాంప్ మీదే నడవాలి, సబ్‌కి విడిగా ఒక ఛానెల్ కావాలి. ఐదు ఛానెళ్ల యాంప్ ఇందుకోసమే. ఒకే పెట్టె, బ్యాటరీ నుంచి ఒకే వైరు, ఒకే ఎర్త్. జాగా కలిసొస్తుంది. కొనేముందు దాని ఐదో ఛానెల్ వివరం మాత్రం విడిగా చదవండి. అది 2 ఓమ్స్‌లోనే పూర్తి బలం ఇచ్చేలా చాలా కంపెనీలు చేస్తాయి. 4 ఓమ్స్ సబ్ తగిలిస్తే పాడవదు కానీ, డబ్బు పెట్టి కొన్న వాట్స్‌లో సగం దగ్గర వినిపించకుండానే ఉండిపోతాయి.

నాలుగు, మోనో విడివిడిగా పెట్టుకుంటే ఖర్చూ పనీ పెరుగుతాయి. ఫ్యూజ్ పంపిణీ బ్లాక్ కావాలి, జాగా ఎక్కువ పడుతుంది. లాభమేమిటంటే ఒకటి పాడైతే రెండోది నడుస్తుంది. సబ్‌కి ఐదారు వందల నిజమైన వాట్స్ కావాలనుకునేవాళ్లకు ఇదే దారి. ఐదు ఛానెళ్ల యాంప్ రిపేరుకిచ్చిన రోజున కారంతా మూగే.

సీఎన్‌జీ సిలిండర్ డిక్కీని తినేసిన కార్లకు ఈ చర్చంతా వేరు. వాళ్లకు సీటు కింద పట్టే, లోపలే యాంప్ ఉన్న 8 అంగుళాల సబ్ మంచి రాజీ. డిక్కీ పెట్టెలో సబ్‌లా ఛాతీకి తగలదు. పాటలో అడుగున ఉండే బాస్ మాత్రం వినిపిస్తుంది. డోర్లకు విడిగా చిన్న నాలుగు ఛానెళ్లది డ్యాష్‌బోర్డ్ వెనక పెట్టుకోవచ్చు. సీటు కింద కార్పెట్ వానాకాలంలో తడుస్తుందేమో, ఏసీ గాలి అక్కడికి వచ్చే గొట్టం మూసుకుపోతుందేమో ముందు చెయ్యి పెట్టి చూసుకోండి.

సబ్ కొనేటప్పుడు అడగాల్సింది: కాయిల్ ఎన్ని, ఓమ్స్ ఎంత

ఒకే పేరున్న సబ్ మూడు నాలుగు రకాల కాయిల్స్‌తో వస్తుంది. సింగిల్ కాయిల్‌కు రెండు టెర్మినళ్లు ఉంటాయి. డ్యూయల్ కాయిల్‌కు నాలుగు ఉంటాయి, అంటే ఒకే కోన్‌ని (స్పీకర్ ముందు కదిలే గిన్నెలాంటి భాగాన్ని) నడిపే రెండు కాయిల్స్. టెన్త్‌లో చదువుకున్న శ్రేణి, సమాంతర సంధానాల లెక్క ఇక్కడ అచ్చంగా పనికొస్తుంది. షాపు భాషలో సిరీస్, ప్యారలల్. సిరీస్‌లో ఓమ్స్ కూడుకుంటాయి. ఒకే విలువ ఉన్న రెండింటిని ప్యారలల్ చేస్తే సగమవుతుంది.

డ్యూయల్ 4 ఓమ్స్ సబ్ ఒక్కటి కొంటే దాన్ని 2 గానో 8 గానో మాత్రమే చేయగలరు, 4 చేయలేరు. డ్యూయల్ 2 ఓమ్స్ అయితే 1 లేదా 4. ఈ రెండు వాక్యాలూ షాపుకెళ్లే ముందు ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

నాలుగు ఛానెళ్ల యాంప్‌లో బ్రిడ్జ్ చేసి ఒక సబ్ నడపాలంటే మీకు కావాల్సింది 4 ఓమ్స్. కాబట్టి సింగిల్ 4 ఓమ్స్ సబ్ కొనండి, లేదా డ్యూయల్ 2 ఓమ్స్ కొని సిరీస్‌లో కలపండి. డ్యూయల్ 4 ఓమ్స్ కొన్నారంటే ఇరుక్కుపోతారు: 2 చేస్తే యాంప్ తట్టుకోదు, 8 చేస్తే బలం బాగా పడిపోతుంది. అదే 2 ఓమ్స్‌ని తట్టుకునే మోనోకైనా, ఐదో ఛానెల్‌కైనా డ్యూయల్ 4 ఓమ్స్ సబ్ చక్కగా అమరుతుంది, ప్యారలల్ చేస్తే సరి.

రెండు సబ్‌లు కావాలా? రెండు డ్యూయల్ 2 ఓమ్స్ సబ్‌లలో దేని కాయిల్స్ దానిలోనే సిరీస్ చేస్తే ఒక్కోటి 4 ఓమ్స్ అవుతుంది, ఆ రెండింటినీ ప్యారలల్ చేస్తే మొత్తం 2. మోనోకి బాగుంటుంది. రెండు డ్యూయల్ 4 ఓమ్స్ సబ్‌లైతే మొత్తం 4 గానో 1 గానో చేయొచ్చు. ఒకటి పాతది, ఒకటి కొత్తది, వేర్వేరు ఓమ్స్‌వి కలిపి పెట్టొద్దు. బలం సమానంగా పంచుకోవు, ఒకటి ముందే కాలిపోతుంది.

1 ఓమ్‌ని తట్టుకునే మోనో ఉంది కదా అని అక్కడిదాకా దించమని నేను చెప్పను. వాట్స్ రెట్టింపైతే శబ్దం కొలిచే మీటర్‌లో పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి కాస్త పెరిగినట్టుంటుంది, అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్లు వాట్స్ కావాలి. ఆ కాస్త కోసం యాంప్‌ని, బ్యాటరీని ఎండాకాలంలో అంత కష్టపెట్టడం నాకు నచ్చదు. రెంటచింతల ఎండలో నాలుగు గంటలు నిలబెట్టిన కారు డిక్కీలో యాంప్ పాట మొదలవకముందే వేడెక్కి ఉంటుంది.

పెట్టె మీది వాట్స్‌ని ఫ్యూజ్‌తో నిలదీయండి

4000 వాట్స్ అని మెరిసే అక్షరాల్లో రాసిన యాంప్‌ని చేతిలోకి తీసుకుని పక్కకు తిప్పండి. కరెంటు వైరు బిగించే చోట రంగురంగుల ఫ్యూజ్‌లు కనిపిస్తాయి. రెండు 25లు ఉన్నాయనుకుందాం, మొత్తం 50 ఆంపియర్లు. బండి నడుస్తున్నప్పుడు ఉండే 13.8 వోల్ట్‌తో గుణిస్తే 690 వాట్స్. ఇది లోపలికి వచ్చే హద్దు. క్లాస్ డి అయితే అందులో 80 శాతం, అంటే 550 దాకా స్పీకర్‌కి పోతుంది. పాత తరహా క్లాస్ ఏబీ అయితే 55 శాతం, 380 దాకా. మిగతాది వేడి. 4000 అన్న అంకె ఎక్కడా కనిపించదు. పీఎంపీఓ, మ్యాక్స్, పీక్ అని రాసిన అంకెలన్నిటినీ పక్కన పెట్టి, ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే వాట్స్) అని ఏ ఓమ్స్‌లో ఎంత రాశారో చూడండి. సీటీఏ-2006 అని రాసి ఉంటే ఇంకా నయం. 2003లో సీఈఏ-2006 పేరుతో వచ్చిన ఆ ప్రమాణం ప్రకారం 14.4 వోల్ట్, 4 ఓమ్స్, 1 శాతానికి మించని వక్రీకరణతో కొలిచిన వాట్స్ చెప్పాలి. అలా కొలిచిన రెండు యాంప్‌లను పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

యాంప్ వాట్స్, స్పీకర్ వాట్స్ దగ్గరదగ్గరగా ఉంటే చాలు. స్పీకర్ 80 ఆర్‌ఎంఎస్ అయితే యాంప్ ఛానెల్ 75 ఇచ్చినా 90 ఇచ్చినా బాధ లేదు. చిన్న యాంప్‌ని చివరిదాకా తిప్పి, శబ్దం చీలిపోతున్నా అలాగే నడిపితే ట్వీటర్లు, కాయిల్స్ కాలిపోతాయి.

వైరింగ్‌లో ఛానెళ్లకు సంబంధించినంత వరకు

కొత్త కార్లలో కంపెనీ టచ్ స్క్రీన్ డ్యాష్‌బోర్డ్‌లో కలిసిపోయి ఉంటుంది, వెనక యాంప్‌కు సంకేతం పంపే ఆర్‌సీఏ సాకెట్లు ఉండవు. స్క్రీన్ మార్చాల్సిన పని లేదు. హై లెవల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్ తీసుకుంటే స్పీకర్ వైర్ల నుంచే సంకేతం తీసుకుంటుంది. దాని కోసం కంపెనీ వైర్లు కోయనివ్వకండి. మీ మోడల్‌కు సరిపడే కప్లర్ దొరుకుతుంది, మధ్యలో గుచ్చితే సరి. రేపు తీసేయాలన్నా, వారంటీకి వెళ్లాలన్నా ఇబ్బంది ఉండదు. నాలుగు ఛానెళ్ల యాంప్‌ని ముందు డోర్లకూ సబ్‌కీ వాడుతూ, వెనక స్పీకర్ల సంకేతం తీసుకోకపోతే, లోపల రెండు ఇన్‌పుట్‌లనే నాలుగింటికీ పంచే స్విచ్ ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే 3, 4 ఛానెళ్లు మౌనంగా ఉంటాయి, సబ్ పాడైందనుకుంటారు.

కరెంటు వైరు మీద పొదుపు చేయకండి. బ్యానెట్ కింద బ్యాటరీ నుంచి డిక్కీ వరకు చిన్న కారులోనూ 5 మీటర్ల దాకా అవుతుంది. ఆ పొడవులో 8 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు) అసలు రాగి వైరు 40 ఆంపియర్లకు దాదాపు 0.4 వోల్ట్ మింగేస్తుంది, 4 గేజ్ 0.16 మాత్రమే. మార్కెట్‌లో కిట్‌లుగా అమ్మేవాటిలో చాలా వరకు అల్యూమినియం తీగ మీద రాగి పూత. అవి ఇంకా ఎక్కువ మింగుతాయి. కొస చెక్కి, కత్తితో ఒక తీగను గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. అది తప్ప దొరక్కపోతే ఒక సైజు లావుది వేయించండి. రెండు స్పీకర్లు, ఒక సబ్ ఉన్న నాలుగు ఛానెళ్ల యాంప్‌కు నేను 4 గేజ్ రాగి వైరే వేస్తాను.

బ్యాటరీకి అర మీటరు లోపే ఫ్యూజ్ ఉండాలి. ఈ ఫ్యూజ్ యాంప్ కోసం కాదు, వైరు కోసం. దారిలో ఎక్కడైనా రేకుకు రాసుకుని తొడుగు చిరిగితే మంటను ఆపేది అదొక్కటే. వైరింగ్‌లో ఏది వదిలేసినా దీన్ని వదలొద్దు. ఎర్త్ వైరు కరెంటు వైరంత లావే ఉండాలి, పొట్టిగా ఉండాలి, రంగు గీకేసి తళతళలాడే రేకుకు బోల్ట్‌తో బిగించాలి. సీటు బెల్ట్ బోల్ట్‌ని దానికి వాడొద్దు. ఆర్‌సీఏ వైర్లు కారుకు ఒక పక్క నుంచి, కరెంటు వైరు ఇంకో పక్క నుంచి పోనివ్వండి. ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా కీచుమంటోందంటే ముందు ఎర్త్‌నీ, తర్వాత ఈ వైర్ల దారినీ చూడాలి.

రెండు డోర్ స్పీకర్లలో ఒకదాని ప్లస్, మైనస్ తారుమారైతే ఒకటి ముందుకొస్తుంటే ఇంకోటి వెనక్కి పోతుంది, బాస్ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. సబ్ పెట్టినా నిండుదనం రాలేదనేవాళ్ల కార్లలో నేను మొదట చూసేది ఇదే. గోడ గడియారంలో వేసే 1.5 వోల్ట్ సెల్ తీసుకుని, యాంప్ వైపు ఊడదీసిన స్పీకర్ వైర్లకు ఒక్క క్షణం తాకించండి. సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలితే కోన్ బయటికి వస్తుంది. చేతివేళ్లు కోన్ మీద మెల్లగా ఆనిస్తే ఆ కదలిక తెలుస్తుంది. రెండు డోర్లకూ చేసి చూడండి. ట్వీటర్లకు ఈ పరీక్ష చేయొద్దు.

చివరగా ఫిల్టర్లు, గెయిన్. డోర్ ఛానెళ్లకు హై పాస్ (పై స్వరాలను మాత్రమే పోనిచ్చేది) 80 హెర్ట్జ్, సబ్ ఛానెల్‌కు లో పాస్ 80 హెర్ట్జ్ పెట్టి మొదలుపెట్టండి, చెవిని బట్టి అటూ ఇటూ జరుపుకోవచ్చు. గెయిన్ వాల్యూమ్ కాదు. స్టీరియో ఇచ్చే సంకేతానికి యాంప్‌ని సరిపెట్టే మర అది. కావాల్సిన వాట్స్‌ని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే ఎన్ని ఏసీ వోల్ట్‌లు రావాలో తెలుస్తుంది. 4 ఓమ్స్ డోర్ స్పీకర్‌కు 75 వాట్స్ అంటే 300 వర్గమూలం, 17.3 వోల్ట్. 4 ఓమ్స్ సబ్‌కు 200 వాట్స్ అంటే 28.3. స్పీకర్ వైర్లు ఊడదీసి, ఈక్వలైజర్ అంతా సున్నాలో పెట్టి, స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక వంతు పెంచి, డోర్లకు 1000 హెర్ట్జ్, సబ్‌కు 50 హెర్ట్జ్ టోన్ మోగిస్తూ, మీటర్‌లో ఆ అంకె వచ్చేదాకా గెయిన్ తిప్పి ఆపేయండి.

మా బావ విషయానికొస్తే, ఆ రోజు రెండు దారులు చూపించాను. రెండు సబ్‌లూ ఉంచాలంటే వాటికి విడిగా 2 ఓమ్స్ మోనో కొనాలి. లేదంటే ఒక సబ్ తీసేసి, ఉన్న యాంప్ మీదే ముందు డోర్లు, ఒక సబ్ నడుపుకోవాలి. “సామాన్లు పెట్టుకోను డిక్కీలో జాగా కూడా లేదంటోంది మీ అక్క” అని ఒక సబ్ తీసేయమన్నాడు. పెట్టెను ఒక్క సబ్‌కి సరిపడేలా వడ్రంగి చేత మార్పించాం. 1, 2 ముందు డోర్లకు, 3, 4 బ్రిడ్జ్ చేసి సబ్‌కు ఇచ్చి, గెయిన్ సరిచేసేసరికి చీకటి పడింది. డిక్కీ మూత లోపలి వైపు తెల్ల టేప్ అతికించి, ఏ ఛానెల్‌కి ఏ స్పీకర్, ఎన్ని ఓమ్స్, ఎన్ని ఆంపియర్ల ఫ్యూజ్ అని మార్కర్‌తో రాసి పెట్టాను. తర్వాత ఆ యాంప్ మీద చెయ్యి వేసే మెకానిక్ ఎవరైనా ముందు అది చదువుకుంటాడు.